ఆంచెలొట్టి విజయాల్లో కోచ్ వాటా ఎంత?

ప్రశ్న (హలసూరు, బెంగళూరు):

మా మిత్రుల మధ్య తేలకుండా మిగిలిన ఒక వాదనను ఇక్కడి పెద్దల ముందు పెడుతున్నాను. మేముండే హలసూరును ఆనుకునే గౌతమపుర ఉంది. పెలే విగ్రహం నిలబెట్టుకుని, ప్రపంచ కప్ వచ్చిందంటే బ్రెజిల్ పక్షాన నిలిచే పేట అది. కాబట్టి 2025 మే నెలలో బ్రెజిల్ ఫుట్‌బాల్ జట్టును ఇటలీకి చెందిన కార్లో ఆంచెలొట్టికి అప్పగించారన్న వార్త ఇక్కడి కుర్రాళ్లకు ఇంటి విషయమే అయింది. యూరప్ క్లబ్బుల అతిపెద్ద పోటీ అయిన చాంపియన్స్ లీగ్‌ను (పాత పేరు యూరోపియన్ కప్) ఐదుసార్లు గెలిచిన కోచ్ ఈయన ఒక్కరే అయినా ఈయనకంటూ ఒక ఆటతీరు లేదని, మిలాన్‌లోనూ రియల్ మాడ్రిడ్‌లోనూ గొప్ప ఆటగాళ్లు దొరకడం వల్లే గెలిచారని వారిలో కొందరు గట్టిగా వాదిస్తున్నారు. మరో ప్రసిద్ధ కోచ్ గార్డియోలా జట్టును చొక్కా రంగు మార్చి దింపినా గుర్తుపట్టవచ్చు గానీ ఆంచెలొట్టి జట్టును అలా గుర్తుపట్టలేమన్నది వారి మాట. ఆంచెలొట్టి మిడ్‌ఫీల్డర్‌గా, అంటే మైదానం మధ్య భాగంలో, ఆడిన రోజులకూ, కోచ్‌గా తీసుకున్న నిర్ణయాలకూ ఏమైనా సంబంధం ఉందా?

సమాధానం (కోరమంగళ):

ఆటతీరు లేకపోవడం కాదు, ఒకప్పుడు మరీ గట్టిగా ఉండేది. 1987లో ఇటలీ క్లబ్ రోమా నుంచి మిలాన్‌కు మారేటప్పటికి ఆయనకు 28 ఏళ్లు. మోకాలి గాయాల వల్ల 1982 ప్రపంచ కప్‌కూ, రోమా తన సొంత మైదానంలో లివర్‌పూల్‌తో ఆడి పెనాల్టీలలో ఓడిన 1984 యూరోపియన్ కప్ ఫైనల్‌కూ దూరమైన మనిషి. ఆ మోకాళ్లను చూసి యజమాని బెర్లుస్కోనీ వెనకాడితే, కోచ్ అరిగో సాకీ పట్టుబట్టి తెప్పించుకున్నారు. సాకీ పద్ధతిలో ఏ ఆటగాడూ తన ఇష్టానికి తిరగడానికి వీల్లేదు. బంతి ఎటు కదిలితే జట్టంతా కలిసి అటు జరగాలి, వరుసల మధ్య దూరం పెరగకూడదు. అందులో మధ్యనుండి లెక్క తప్పకుండా చూసే పని ఆంచెలొట్టిది. 1989 సెమీఫైనల్‌లో రియల్ మాడ్రిడ్‌ను 5–0తో ఓడించిన ఆటలో దూరం నుంచి కొట్టిన మొదటి గోల్ ఆయనదే. ఆ ఏడాదీ మరుసటి ఏడాదీ యూరోపియన్ కప్ మిలాన్‌కే దక్కింది.

1994 ప్రపంచ కప్‌లో సాకీకి సహాయకుడిగా పనిచేసి, కోచ్‌గా రెజానా క్లబ్‌ను ఇటలీ మొదటి శ్రేణి లీగ్ సీరీ-ఏకు చేర్చి, 1996లో పార్మాకు వెళ్లేటప్పుడు ఆయన సాకీ వాడిన 4-4-2 అమరికనే (నలుగురు డిఫెండర్లు, నలుగురు మిడ్‌ఫీల్డర్లు, ఇద్దరు స్ట్రైకర్లు) యథాతథంగా వెంట తీసుకువెళ్లారు. అందులో స్ట్రైకర్ల వెనుక స్వేచ్ఛగా ఆడే పదో నంబరు ఆటగాడికి చోటు లేదు. అక్కడ అలా ఆడే జోలాను పక్కకు జరపగా అతను ఆ నవంబరులోనే చెల్సీకి వెళ్లిపోయాడు. మరుసటి వేసవిలో అలాంటి ఆటగాడే అయిన రొబెర్తో బాజో వస్తానన్నా వద్దన్నారు. ఆ బాజో బొలోన్యాకు వెళ్లి ఆ సీజన్‌లో 22 లీగ్ గోల్స్ కొట్టాడు. బాజోను కాదనడం తప్పేనని ఆంచెలొట్టి తర్వాత బహిరంగంగా ఒప్పుకున్నారు. ఆ పైన యువెంతుస్‌లో అదే కోవకు చెందిన జిదాన్ చేతికి రావడంతో, ఆటగాడిని ఫార్మేషన్‌కు (జట్టు అమరికకు) తగ్గట్టు కత్తిరించడం మాని, ఆటగాడి కోసం ఫార్మేషన్‌నే మార్చారు.

సమాధానం (చెన్నై, అన్నానగర్):

పై వివరణతో ఏకీభవిస్తూనే, అందరూ సాకీ దగ్గరే ఆగిపోతారన్నది నా ఫిర్యాదు. అంతకుముందు ఎనిమిదేళ్లు ఆంచెలొట్టి రోమాలో ఉన్నారు. అక్కడ ఎక్కువ కాలం కోచ్ స్వీడన్‌కు చెందిన నీల్స్ లీడ్‌హోమ్. ఆయన కూడా పాత మిడ్‌ఫీల్డరే, గొంతు పెంచని మనిషి. ఇటలీలో మనిషికి మనిషిని కాపలా పెట్టే ఆట రాజ్యమేలుతున్న రోజుల్లో ఆయన రోమాకు జోన్ ఆట, అంటే ఒక్కొక్కరూ మైదానంలో తమ భాగాన్ని కాపాడే ఆట, నేర్పారు. అగస్తీనో ది బార్తొలొమేయి అనే మిడ్‌ఫీల్డర్ వేగంలో వెనుకబడి, పాస్‌లో ముందుండేవాడు. లీడ్‌హోమ్ అతన్ని డిఫెన్స్‌లోకి దించి, ఆటను అక్కడి నుంచి మొదలుపెట్టించారు. 1982–83లో రోమా లీగ్ గెలిచింది ఆ అమరికతోనే, ఆంచెలొట్టి ఆ జట్టులో ఉన్నారు.

ఇప్పుడు ఆంచెలొట్టి మిలాన్ కోచ్‌గా ఉన్నప్పటి పిర్లోను గుర్తు చేసుకోండి. స్ట్రైకర్ల వెనుక ఆడటానికి వచ్చి నిలదొక్కుకోలేకపోయిన ఆటగాడిని మిలాన్‌లో డిఫెన్స్ ముందు నిలిపి, పరుగూ పోరాటమూ గత్తూసోకు అప్పగించారు. ఆ ఆలోచన పిర్లోదే కావచ్చు, బ్రెషా క్లబ్‌లో కోచ్ మత్సోనే ముందే అలా ఆడించి ఉండవచ్చు. అయినా దాని మీద ఒక పెద్ద క్లబ్ ఆటనంతా కట్టే ధైర్యం ఆంచెలొట్టిది. 2003, 2007 చాంపియన్స్ లీగ్‌లు అలా వచ్చాయి. 2014లో రియల్‌కు పదో కప్ వచ్చినప్పుడు వింగర్ ది మరియాను ఎడమ మిడ్‌ఫీల్డ్‌కు మార్చినదీ, స్ట్రైకర్ బెంజెమా వెళ్లిపోయాక 2023–24లో మిడ్‌ఫీల్డర్ బెలింగ్‌హామ్‌కు ముందుకు చొచ్చుకుపోయే స్వేచ్ఛనిచ్చినదీ ఈ కోవలోవే. చొక్కా మారిస్తే గుర్తుపట్టలేమనే మిత్రులు, ఒక్కో జట్టులో ఎవరిని ఎక్కడికి జరిపారో చూస్తే చాలు.

సమాధానం (మల్లేశ్వరం):

ఇంత పొగడ్తా అవసరం లేదేమో. మిలాన్‌లో కోచ్‌గా సుమారు ఎనిమిదేళ్లు ఉండి గెలిచిన లీగ్ ఒక్కటే, 2003–04లో. 2005లో ఇస్తాంబుల్ ఫైనల్‌లో విరామానికి 3–0 ఆధిక్యంలో ఉండి లివర్‌పూల్‌కు కప్ అప్పగించారు. యూరప్‌లోని అయిదు పెద్ద దేశీయ లీగ్‌లలోనూ టైటిల్ సాధించిన మొదటి కోచ్ అన్న ఘనత నిజమే గానీ, ఆ క్లబ్బులన్నీ ధనిక క్లబ్బులే. జర్మన్ లీగ్ గెలిపించాక కూడా బాయెర్న్ క్లబ్ 2017 సెప్టెంబరులో ఆయన్ను పంపించేసింది. నాపోలిలో ఆటగాళ్లు యాజమాన్యం మీద తిరగబడితే సర్దిచెప్పలేకపోయారు. ఎవర్టన్‌లో 12వ, 10వ స్థానాలు దక్కాయి. ఆటగాళ్ల మాట వినే కోచ్‌కు, వినదగ్గ మాట చెప్పే ఆటగాళ్లు ముందే జట్టులో ఉండాలి.

ప్రశ్న వేసినవారు:

అందరికీ కృతజ్ఞతలు. ఆటగాళ్లు కొన్ని రోజులే చేతిలో ఉండే జాతీయ జట్టులో ఈ పద్ధతి ఎలా పనిచేస్తుంది?

సమాధానం (చెన్నై, అన్నానగర్):

ఆయన బ్రెజిల్‌కు ఎంపిక చేసిన మొదటి జట్టులోనే జవాబు కొంత ఉంది. ఏడాదిన్నరకు పైగా జాతీయ జట్టుకు దూరంగా ఉన్న మిడ్‌ఫీల్డర్ కాసెమీరోను పిలిచి డిఫెన్స్ ముందు నిలిపారు. మాడ్రిడ్‌లో తన దగ్గర ఆడినవాడు కాబట్టి కొత్తగా నేర్పవలసిన పని లేదు. ఎక్వడోర్‌తో 0–0, పరాగ్వేతో ఫార్వర్డ్ విన్సియస్ గోల్‌తో 1–0, అంతటితో 2026 ప్రపంచ కప్‌కు అర్హత దక్కింది. అందమైన ఆట కోరుకునే గౌతమపుర కుర్రాళ్లకు ఈ స్కోర్లు రుచించకపోవచ్చు. కానీ సమయం తక్కువైనప్పుడు పాత మిడ్‌ఫీల్డర్ ముందుగా మైదానం మధ్య భాగాన్నే చక్కదిద్దుకుంటారు. విన్సియస్ వంటి వారికి దాడిలో ఏం చేయాలో ఆయన ఎక్కువగా చెప్పరు.