ఫాదర్ గారి వర్ధంతి: పూజ, పుస్తకం గురించి

ప్రశ్న: వైజాగ్‌లో మా కతోలిక విచారణ (చర్చి) గురువు గారి మొదటి వర్ధంతి తపస్సు కాలంలో (ఈస్టరుకు ముందు ఉపవాస దినాల్లో) ఆదివారం నాడు వస్తోంది. ఆ రోజే మృతుల పూజ పెట్టుకోవచ్చా? చిన్న సంస్మరణ పుస్తకం కూడా వేద్దామనుకుంటున్నాం.

జవాబు 1: కుదరదండీ. తపస్సు కాలపు ఆదివారాల్లో మృతుల పూజ చెయ్యకూడదు. ఆనాటి పూజలోనే విశ్వాసుల ప్రార్థనలో ఆయన పేరు చెప్పించండి. వర్ధంతి పూజ సోమవారం పెట్టుకోండి, అది పవిత్ర వారంలో (ఈస్టరుకు ముందు వారం) గానీ పెద్ద పండుగ రోజున గానీ పడకపోతే చాలు. ఇప్పుడే ఆఫీసులో పూజ రాయించేయండి.

జవాబు 2: పుస్తకానికి ముందు జ్ఞానస్నాన రిజిస్టరు చూడనివ్వమని ఇప్పటి ఫాదర్ గారిని అడగండి. అందులో చనిపోయిన ఫాదర్ గారి మొదటి సంతకం, చివరి సంతకం చూస్తే ఆయన ఇక్కడ ఎప్పటి నుంచి ఎప్పటిదాకా ఉన్నారో దాదాపు తేలుతుంది. మధ్యలో వేరే చేతిరాత కనిపిస్తే బదిలీ అనుకోకండి, ఆయన సెలవులో ఉన్నప్పుడు బదులు వచ్చిన గురువుదీ కావచ్చు. కుటుంబాల పేర్లు మాత్రం అచ్చులో వద్దు.

జవాబు 3: పుస్తకంలో పాత ఫోటోలు వేస్తారేమో, మన సముద్రపు తేమకి ఆల్బమ్ ప్లాస్టిక్‌కి ఫోటోలు అంటుకుపోతాయి. పీకితే ముఖం మీది రంగు ఊడొస్తుంది! పేజీతో సహా 600 డీపీఐలో స్కాన్ చెయ్యండి. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకమైతే పేజీలు 4 చొప్పున లెక్కేసుకోండి: 12, 16, 20. ఆయన రోగుల ఇళ్లకి దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) తీసుకెళ్లిన సంగతులు తప్పక వెయ్యండి, మనవాళ్లకి గుర్తున్నది అదే.