కామిక్స్ చదవకుండా ఆ సినిమాలు చూస్తే ఎక్కడ అర్థం కాకుండా పోతుంది?

తెరముందు:
కామిక్స్ ఒక్క పుట కూడా తిప్పనివాళ్ళు వాటి ఆధారంగా తీసిన సినిమా చూస్తే ఏం తప్పిపోతుంది? ముందే చదవాల్సినవి ఉన్నాయా, చూశాక చదివితే సరిపోతుందా? సినిమా పేరు, ఏ కట్ (ఎడిట్ చేసి విడుదల చేసిన రూపం) చూడాలి, ఏ సంచికతో మొదలెట్టాలి అన్నవి చెప్తే బాగా పనికొస్తుంది.

పాతసంచికలు:
ముందు మూలం ఏ రకమో చూడాలండి. ఒకటి, మొదలూ చివరా ఉన్న ఒకే పుస్తకం. వాచ్‌మెన్ అలాంటిది: 1986–87లో 12 సంచికలుగా వచ్చింది, కథ అక్కడితో పూర్తయింది. రెండోది, దశాబ్దాలుగా నెలనెలా సాగుతున్న పాత్ర. స్పైడర్‌మ్యాన్ 1962 నుంచి నడుస్తున్నాడు. అలాంటివాటికి అన్నీ చదివి వెళ్ళడం కుదిరే పని కాదు, సినిమా తీసేవాళ్ళూ అది ఆశించరు.

పేరు చూసి పొరబడేదీ ఈ రెండోరకంలోనే. సివిల్ వార్ కామిక్ 2006–07లో ఏడు సంచికలు. అమెరికాలోని స్టామ్‌ఫర్డ్ ఊళ్ళో పేలుడు జరిగాక, ముసుగు వీరులు తమ అసలు పేర్లు ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకోవాలని చట్టం వస్తుంది. స్పైడర్‌మ్యాన్ విలేకరుల ముందు ముసుగు తీసేస్తాడు. 2016 సినిమాలో గొడవ ఐక్యరాజ్యసమితి ఒప్పందం మీద, కెప్టెన్ అమెరికా పాత స్నేహితుడు బకీ మీద. ముసుగు తీసే ఘట్టం లేనే లేదు. తీసుకున్నది టైటిలూ, కెప్టెన్ అమెరికాకీ ఐరన్‌మ్యాన్‌కీ మధ్య తగువూ. సినిమా కోసమని ఆ ఏడూ చదివి వెళ్తే రాని సీన్ల కోసం ఎదురుచూస్తూ కూర్చోవాలి.

కత్తెరగది:
వాచ్‌మెన్ చూసేవాళ్ళు కట్ ఏదో ముందే తేల్చుకోవాలి. 2009 సినిమాకి థియేటర్ కట్ 162 నిమిషాలు, డైరెక్టర్స్ కట్ 186, అల్టిమేట్ కట్ 215. అల్టిమేట్‌తో మొదలెట్టొద్దు. పుస్తకంలో న్యూస్‌స్టాండ్ దగ్గర ఓ కుర్రాడు చదివే ఓడదొంగల కథని అందులో యానిమేషన్‌గా మధ్యమధ్య చొప్పించారు. పుస్తకంలో ఆ బొమ్మలూ అసలు కథా ఒకే పుటలో పక్కపక్కన ఉంటాయి కాబట్టి సంబంధం కంటికి కనిపిస్తుంది. తెరమీద అది కథని ఆపేసినట్టు అవుతుంది, కొత్తవాళ్ళకి ఎందుకొచ్చిందో తెలీదు.

అందరూ తికమకపడేది రెండు తరాల దగ్గర. ఒకే ముసుగు పేరు ఇద్దరిది. నైట్ అవుల్‌లు ఇద్దరు: ముసలాయన హాలిస్ మేసన్, తర్వాతివాడు డాన్. సిల్క్ స్పెక్టర్‌లూ ఇద్దరే: తల్లి శాలీ, కూతురు లారీ. ఈ నాలుగు పేర్లు పట్టుకుంటే సగం చిక్కు విడిపోయినట్టే. పాతతరం 1940ల జట్టు. వాళ్ళ చరిత్రా, అధ్యక్షుడు నిక్సన్ మూడోసారి గెలిచినట్టు ఊహించిన ఆ వేరే అమెరికా చరిత్రా మొత్తం టైటిల్స్‌లోనే చెప్పేస్తారు. హత్య సీన్ అవగానే మొదలయ్యే ఆ కొన్ని నిమిషాల్ని దయచేసి దాటేయకండి. మళ్ళీ ఎవరూ వివరించరు.

నలుపుతెలుపు:
మొదటిసారికి థియేటర్ కట్ చాలదా? 186 నిమిషాలు బరువే.

కత్తెరగది:
కథ అర్థం కావడానికి చాలు. కానీ హాలిస్ మేసన్‌కి ఏమవుతుందో అందులో కోసేశారు, ఆయన పాత్ర మధ్యలో ఆగిపోతుంది. అందుకే డైరెక్టర్స్ కట్ అంటాను.

ఆరురాళ్ళు:
మార్వెల్ సినిమాల్లో అర్థం కానిది కామిక్స్ వల్ల కాదు, ముందు సినిమాలు వదిలేయడం వల్ల. ఇన్ఫినిటీ వార్ (2018) తీసుకోండి. అందులో థానోస్ అనే విలన్ ఆరు శక్తిరాళ్ళ (స్టోన్స్) కోసం వెతుకుతాడు, అవి చాలావరకు ముందు సినిమాల్లోనే వచ్చాయి. స్పేస్ స్టోన్ అంటే టెసరాక్ట్, అది మొదటి కెప్టెన్ అమెరికా (2011), అవెంజర్స్ (2012)లలో ఉంది. మైండ్ స్టోన్ అవెంజర్స్‌లో లోకి అనే విలన్ చేతికర్రలో ఉండి, ఏజ్ ఆఫ్ అల్ట్రాన్ (2015)లో విజన్ అనే పాత్ర నుదుటికి చేరుతుంది. రియాలిటీ: థోర్ రెండో సినిమా (2013). పవర్: గార్డియన్స్ ఆఫ్ ద గెలాక్సీ (2014). టైమ్: డాక్టర్ స్ట్రేంజ్ (2016). సోల్ మాత్రం ఇన్ఫినిటీ వార్‌లోనే మొదటిసారి బయటపడుతుంది.

అన్నీ చూసే టైమ్ లేకపోతే అవెంజర్స్, గార్డియన్స్, సివిల్ వార్, థోర్ రాగ్నరాక్ (2017) వరుసగా చూడండి. రాగ్నరాక్ క్రెడిట్స్ మధ్య వచ్చే సీన్ తప్పనిసరి. థోర్ వాళ్ళ ఓడకి ఓ పెద్ద ఓడ ఎదురుపడటంతో అది ఆగుతుంది, ఇన్ఫినిటీ వార్ థోర్ వాళ్ళ ఓడమీదే మొదలవుతుంది. మూలమైన ఇన్ఫినిటీ గాంట్లెట్ (1991, ఆరు సంచికలు) ముందు చదవక్కర్లేదు. అందులో థానోస్ ఇదంతా చేసేది స్త్రీరూపంలో ఉన్న మృత్యువు మెప్పుకోసం. సినిమాలో కారణం జనాభా, వనరులు.

కుడిఎడమ:
మాంగా, అంటే జపాన్ కామిక్స్, సంగతి వేరు. అకీరా 1982 నుంచి 1990 వరకు వచ్చింది, ఆరు పెద్ద సంపుటాలు, 2000 పుటల పైమాటే. సినిమా 1988లోనే వచ్చింది, నిడివి 124 నిమిషాలు. అంటే కథ రాస్తున్న ఓతోమోనే అది ముగియకముందు సినిమా తీశారు. కాబట్టి చివరి భాగం అయోమయంగా ఉంటే అది మీ లోపం కాదు, అక్కడ చాలా కథ నొక్కి కుదించారు. ముఖ్యమైన తేడా అకీరా అనే పాత్రే. సినిమాలో గాజుసీసాల్లో దాచిన అవశేషాలు, మాంగాలో ప్రాణంతో ఉన్న పిల్లాడు. సినిమా చూశాం కదా అని మూడో సంపుటంతో మొదలెట్టకండి, ఒకటి నుంచే చదవాలి.

మాంగా కుడి నుంచి ఎడమకి చదువుతారు. కొన్ని అనువాదాల్లో పుటల్ని అద్దంలో బొమ్మలా తిప్పి ఎడమ నుంచి కుడికి వేస్తారు. కొనేముందు మాటల బుడగలు ఏ వరుసలో ఉన్నాయో రెండు పుటలు చూసుకోండి.

నలుపుతెలుపు:
రోడ్ టు పర్డిషన్, ఎ హిస్టరీ ఆఫ్ వయొలెన్స్ లాంటివాటికి ఏ తయారీ అక్కర్లేదు. గ్రాఫిక్ నవలల నుంచి వచ్చాయని చాలామందికి తెలియను కూడా తెలీదు.

పాతసంచికలు:
చూశాక చదవాలనుకుంటే చిన్నవాటితో మొదలెట్టండి. డేస్ ఆఫ్ ఫ్యూచర్ పాస్ట్ రెండే సంచికలు, ఎక్స్-మెన్ 141, 142, 1981వి. కామిక్‌లో గతంలోకి వెళ్ళేది కిట్టీ ప్రైడ్, 2014 సినిమాలో వుల్వరిన్‌ని పంపుతుంది. రెండూ పక్కపక్కన పెడితే సినిమావాళ్ళు ఏం మార్చారో, ఎందుకో తేలిగ్గా తెలుస్తుంది.

కొనేటప్పుడు ఒక ఇబ్బంది ఉంది. పెద్ద కంపెనీలు అదే పేరుతో సిరీస్‌ని మళ్ళీమళ్ళీ ఒకటో నంబరు నుంచి మొదలెడతాయి. "కెప్టెన్ అమెరికా 1" అని వెతికితే ఏది వస్తుందో చెప్పలేం. రచయిత పేరు, సంవత్సరం కలిపి వెతకాలి: వింటర్ సోల్జర్ కథ కావాలంటే ఎడ్ బ్రూబేకర్, 2005. విడి సంచికలకన్నా సంకలనం మేలు, ఒక కథ మొత్తం ఒకచోట దొరుకుతుంది.

తెరముందు:
సినిమా మధ్యలో ఎవరో తెలియని పాత్ర వస్తే ఆపి వెతకొచ్చా?

ఆరురాళ్ళు:
పాత్ర పేరుతో వెతకొద్దు. ఆ పేజీల్లో మొదటి పేరాలోనే ఎవరు చంపారో, ఎప్పుడు తిరిగొచ్చారో ఉంటుంది. సినిమా నటీనటుల జాబితా తెరిచి, ఆ నటుడు ఇంతకుముందు ఏ సినిమాలో అదే పాత్ర వేశారో చూడండి. ఏ సినిమా చూడలేదో తెలుస్తుంది, కథ బయటపడదు.