పాత ఇంజన్ ఆయిల్ క్యాను నిండిపోయింది, ఏం చేసేది?

ప్రశ్న (పాకాల దగ్గర రైతు):
అన్నా, ట్రాక్టరుకీ బైకులకీ ఆయిల్ మార్చినప్పుడల్లా పాతది క్యాన్లో పోసి పెడతా ఉండా. 20 లీటర్లది నిండిపోయింది. మా ఊరి మెకానిక్కేమో కాలవలో పోసెయ్యమంటాడు. మా మామ మామిడి మొదళ్లకు పూస్తే చెదలు పోతాయంటాడు. సెంట్రింగ్ మేస్త్రీ రేకులకు పూసుకుంటా, ఇవ్వమని ఎనకాల పడ్డాడు. ఎవురి మాట వినేది?

తిరుపతి గ్యారేజీ ఆయన:
ముగ్గురి మాటా వద్దు తమ్ముడూ. మన పక్క బోరే దిక్కు. కాలవలో పోసింది భూమిలోకి దిగితే ఆ నీళ్లే మళ్లీ మనం తాగేది. వాడిన ఆయిల్లో ఇంజన్ అరిగిన లోహపు పొడి, మసి, క్యాన్సర్ తెచ్చే రసాయనాలు ఉంటాయి. చెట్టు మొదట్లో పూస్తే చివరికి చేరేది వేళ్ల దగ్గరికే. చెదలకు మందు రైతు సేవా కేంద్రంలో అడుగు. మేస్త్రీ దగ్గర పనోళ్లు ఒట్టి చేత్తో గుడ్డ ముంచి రేకులకు రుద్దుతారు, మోచేతుల దాకా నలుపే. పైగా శ్లాబుకు మరకలు పడతాయి, పూత సరిగ్గా పట్టదు. షట్టరింగ్ ఆయిలని వేరే అమ్ముతారు, అది కొనుక్కోమను.

చిత్తూరు నుంచి ఇంకొకరు:
ఇటుక బట్టీ వాళ్లు డబ్బులిచ్చి మరీ తీసుకుంటా ఉండారు గదా? ఊరికే ఎందుకు ఇచ్చేది?

గ్యారేజీ ఆయన:
బట్టీలో కాలిస్తే ఆ లోహాలన్నీ పొగలో కలిసి ఊరి మీదికే వస్తాయి. అసలు సంగతి ఏందంటే, ఆయిల్ చెడిపోదు, మురికి అవుతుంది, అంతే. రీరిఫైనరీలో, అంటే పాత ఆయిల్‌ను మళ్లీ శుద్ధి చేసే ఫ్యాక్టరీలో, వేడి చేసి నీళ్లు, పెట్రోలు తీసేస్తారు. తర్వాత వాక్యూమ్‌లో (గాలి తీసేసిన పాత్రలో) మరిగించి బేస్ ఆయిల్, అంటే లూబ్రికెంటుకు మూలమైన నూనె, వేరు చేసి, శుద్ధి చేసి మళ్లీ లూబ్రికెంటుగా వాడతారు. సుమారు 2.4 లీటర్ల కొత్త ఆయిల్ తియ్యాలంటే ముడి చమురు 159 లీటర్లు కావాలంట. పాత ఆయిల్ అయితే 3.8 లీటర్లు చాలు. ఇంత విలువైన సరుకును కాల్చేస్తా ఉండారు, నాకైతే అదే కడుపుమంట.

రైతు:
సరే, యాడ ఇచ్చేది?

గ్యారేజీ ఆయన:
20 లీటర్ల కోసం రీసైక్లర్ బండి మీ పల్లెకు రాదు. పెద్ద సర్వీస్ సెంటర్లో పాత ఆయిల్ డ్రమ్ము ఉంటుంది, ముందు అడిగి అందులో పోసి రా. లేదా నలుగురు ట్రాక్టర్ల వాళ్లు కలిసి 200 లీటర్ల డ్రమ్ము పెట్టుకుంటే బేరం కుదరొచ్చు. కొనేవాడు కాలుష్య నియంత్రణ మండలిలో నమోదైనవాడేనా అని కాగితం చూడు. చూపించకుండా నసిగాడంటే సరుకు బట్టీకే పోతుందనుకో. 2024 ఏప్రిల్ 1 నుంచి ఆయిల్ తయారుచేసే కంపెనీల మీదే రీసైకిల్ చేయించే బాధ్యత పెట్టారు, కాబట్టి అడిగేవాళ్లు ఇంక పెరుగుతారు. ఒకటే జాగ్రత్త: క్యాన్లో నీళ్లు, కూలెంటు, బ్రేక్ ఆయిల్, పెట్రోలు కలవనియ్యద్దు. కలిసిందని తెలిస్తే వద్దనే అంటారు.

రైతు:
మంచిదన్నా. ఆయిల్ ఫిల్టర్లు కూడా నాలుగైదు పడుండాయి. పాత ఇనప సామాన్లోడికి వేసేద్దునా?

గ్యారేజీ ఆయన:
అట్లే వెయ్యద్దు, లోపల ఆయిల్ నిండా ఉంటుంది. పైన బొక్క కొట్టి రాత్రంతా డబ్బా మీద బోర్లించు. కారింది క్యాన్లో పొయ్యి. ఫిల్టర్లు కవర్లో కట్టి ఆ సర్వీస్ సెంటర్‌కే ఇచ్చెయ్.