సంతోషానికి తృప్తి ఒక్కటి చాలా?

దేవరకొండ టీచర్:
మొన్న బడిలో వీడ్కోలు సభకు వచ్చిన అతిథి "ఉన్నదాంట్లో తృప్తి పడితే అదే సంతోషం, డబ్బు వెంట పరిగెత్తొద్దు" అని పిల్లలకు చెప్పిపోయారు. చప్పట్లు బాగానే పడ్డాయి. కానీ అక్కడ కూర్చున్న పిల్లల్లో చాలామంది అమ్మానాన్నలు ముంబై, పుణెలకు కూలికి పోయి ఉన్నారు, వీళ్లు నానమ్మల దగ్గర ఉంటున్నారు. వీళ్లకు తృప్తి నేర్పడం ఏమిటో నాకు అర్థం కాలేదు. మీరేమంటారు?

బత్తాయి తోట:
ఆయన చెప్పిందాంట్లో తప్పేముంది మేడం. నా దోస్తు ఒకడు హైదరాబాద్‌లో ప్లాట్లు అమ్మి మస్తు సంపాదించిండు, ఇప్పుడు బీపీ, షుగర్, ఇంట్లో ఒకరితో ఒకరికి మాటల్లేవు. అమెరికాలో హార్వర్డ్ యూనివర్సిటీ వాళ్లు 1938 నుంచి కొందరి జీవితాలను ముసలితనం దాకా గమనిస్తూ వచ్చి చివరికి తేల్చింది కూడా ఇదే, మనసుకూ ఒంటికీ మేలు చేసేది దగ్గరి మనుషులేనని. నాకైతే తోట పని, సాయంత్రం చాయ్ దగ్గర నలుగురితో ముచ్చట, ఇంకేం కావాలె?

పాలమూరు బిడ్డ:
తోట ఉంది కాబట్టి ఆ మాట అంటున్నవ్ అన్నా. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని డ్యాం పనులకు పోయినోళ్లను అడుగు. అయినా హార్వర్డ్‌లో చదువుకునే పిలగాళ్లకు తిండి టెన్షన్ ఎక్కడిది?

బత్తాయి తోట:
మొదట 268 మంది హార్వర్డ్ విద్యార్థులే, నిజమే. తర్వాత బోస్టన్ పేద వాడల పిల్లలు 456 మందిని కూడా కలిపారు తమ్మీ. వాళ్ల విషయంలోనూ అదే తేలింది.

మర్రిగూడ వాసి:
నీళ్ల సంగతి ఎవరూ ఎత్తరేం? తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దంటారు. మా బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్గొండ టెక్నిక్ అని మా జిల్లా పేరే పెట్టారు, అయినా నల్లాలో కృష్ణా నీళ్లు వచ్చేదాకా ఇళ్లల్లో తాగింది ఎక్కువగా ఆ బోరు నీళ్లే. ఆ నీళ్లకే మా పెదనాయన నడుము వంగిపోయి కట్టె పట్టుకొని నడిచేవాడు. తృప్తి లేని మనిషా అంటే కాదు, ఆయనున్న చోట నవ్వులే నవ్వులు. చుట్టూ మనుషులకూ కొదవ లేదు. అట్లని ఆయన నవ్వును చూపించి మంచినీళ్లు రెండో సంగతి అనగలమా? తృప్తి గురించి ఎవరికి వాళ్లు చెప్పుకుంటే బాగుంటది, లేనోళ్లకు ఉన్నోళ్లు చెప్తేనే నాకు మండుతది.

దేవరకొండ టీచర్:
నేను చెప్పలేకపోయిన మాట ఇదే. ఆ అతిథి కారులో ఏసీ వేసుకొని పోయారు, అది వేరే సంగతి లెండి.

పాలమూరు బిడ్డ:
కల్వకుర్తి లిఫ్టు నీళ్లు చెరువులకు వచ్చినంక మా దిక్కు కొందరు పుణె నుంచి తిరిగొచ్చి వరి వేసుకుంటున్నరు. పిల్లలు అమ్మానాన్నల దగ్గరే ఉంటున్నరు.

బత్తాయి తోట:
మరి నేనన్నది అదే కదా, మనుషులు దగ్గరుండాలని!

పాలమూరు బిడ్డ:
నీళ్లొచ్చినంకనే దగ్గరైండ్రు అన్నా. అంతకుముందు తృప్తి లేక పోయిండ్రా పుణెకు?