ధనుష్కోటి స్టేషను: పాంబన్ వంతెనను బాగుచేసి, ఈ లైనును ఎందుకు వదిలేశారు?

సేతుయాత్రికుడు:
ధనుష్కోటి వెళ్లినప్పుడు ఇసుకలో మిగిలిన మొండిగోడలను, నీళ్ల ట్యాంకు స్తంభాలను చూపించి, ఇదే రైల్వే స్టేషనని అక్కడివారు చెప్పారు. నాకు పట్టా ముక్క ఒక్కటీ కనిపించలేదు. రామేశ్వరం దీవిని ప్రధాన భూభాగంతో కలిపే పాంబన్ రైలు వంతెన 1964 తుపానులో దెబ్బతింటే దానిని నిలబెట్టినవారు, దీవి కొసన ఉన్న ధనుష్కోటికి వచ్చే ఈ లైనును ఎందుకు వదిలేశారో తెలిసినవారు వివరించగలరు.

మీటరుగేజి:
ముందుగా ఒక పొరపాటును సవరించుకోవాలి. ఇప్పుడు రోడ్డు రామేశ్వరం మీదుగా వెళ్తుంది కాబట్టి రైలు కూడా అలాగే వెళ్లేదని నేనూ చాలాకాలం అనుకున్నాను. నిజానికి లైను పాంబన్ దగ్గరే చీలి, ఒకటి రామేశ్వరానికి, మరొకటి నేరుగా ధనుష్కోటికి వెళ్లేది. 1914లో వంతెన తెరిచాక, మద్రాసు ఎగ్మూరులో బయలుదేరిన బోట్ మెయిల్ అనే రైలు ఈ రెండో దారిలోనే రేవుదాకా వచ్చేది. ప్రయాణికులు అక్కడ స్టీమరెక్కి, శ్రీలంక తీరంలోని తలైమన్నారులో దిగి, కొలంబో రైలు అందుకునేవారు. ఊరి కోసం కాక రేవు కోసం వేసిన లైను అది.

పాతపట్టాలు:
నా అభిప్రాయమూ అదే. 1964 డిసెంబరు 22 రాత్రి పాంబన్‌లో బయలుదేరిన ప్యాసింజరును, ధనుష్కోటి చేరబోతుండగా ఉప్పెన మింగేసింది. చనిపోయినవారు సిబ్బందితో కలిపి 115 మందని సాధారణంగా రాస్తారు. టిక్కెట్టు లేకుండా ఎక్కినవారు ఏ లెక్కలోకీ రారు కనుక, దానిని కనీస సంఖ్యగానే తీసుకుంటాను. వంతెన గిర్డర్లలో 126 కొట్టుకుపోయినా, ఓడలకు దారి ఇచ్చే షెర్జర్ భాగం నిలిచింది. సముద్రంలో పడిన గిర్డర్లను వెతికి పైకి తీసి, రైల్వే ఇంజనీరు ఈ. శ్రీధరన్ ఆధ్వర్యంలో 46 రోజుల్లోనే వంతెనను పునరుద్ధరించారు. రామేశ్వరానికి యాత్రికులు ఎలాగూ వస్తారు. ధనుష్కోటిని మాత్రం ప్రభుత్వం నివాసయోగ్యం కాదని ప్రకటించింది. రేవూ ఊరూ లేనిచోటికి రైలు నడపవలసిన అవసరం కనిపించి ఉండదు.

సేతుయాత్రికుడు:
చీలిక సంగతి నాకు తెలియదు, మీటరుగేజి గారూ. మరి స్టీమరు ఏమైంది?

మీటరుగేజి:
దానిని రామేశ్వరానికి మార్చారు. శ్రీలంకలో యుద్ధం మొదలయ్యాక 1980లలో అదీ ఆగిపోయింది. (ఎగ్మూరు నుంచి రామేశ్వరం వెళ్లే రైలును ఇప్పటికీ బోట్ మెయిల్ అనే పిలుస్తున్నారు!) ధనుష్కోటికి మళ్లీ లైను వేయడానికి 2019లో శంకుస్థాపన జరిగింది కానీ, సుమారు 17 కిలోమీటర్ల ఆ మార్గాన్ని రామేశ్వరం నుంచి తలపెట్టారు. అది పూర్తయినా, పాంబన్ నుంచి చీలిన పాత దారి మాత్రం తిరిగి రాదు.