పాత క్యాసెట్లు, ఫ్లాపీలు లౌడ్‌స్పీకరు దగ్గర ఉంటే చెరిగిపోతాయా?

ప్రశ్న (గుంటూరు, బ్రాడీపేట):
నమస్కారం. మా నాన్నగారు 1980లలో విజయవాడ ఆకాశవాణి లలిత సంగీతాన్ని క్యాసెట్లలో ఎక్కించుకొని, ప్రతి పాటకూ ముందు తన గొంతుతో తేదీ చెప్పేవారు. అవీ, 1.44 ఎంబీ ఫ్లాపీలు కొన్నీ ఇనుప బీరువాలో ఉన్నాయి. దాని పక్కనే ఏళ్ల తరబడి పెద్ద లౌడ్‌స్పీకరు ఉంది. ఇప్పుడు రెండు క్యాసెట్లలో గొంతు మసకగా వినిపిస్తోంది. అయస్కాంతం వల్లనే చెరిగిపోయాయా? నాన్నగారు ఇప్పుడు లేరు.

సమాధానం (విజయవాడ):
కంగారు పడకండి. టేపు మీది అయస్కాంత గుర్తులను తారుమారు చేయడానికి ఎంత క్షేత్రం కావాలో తెలిపే కొలతను కోయర్సివిటీ అంటారు. మామూలు ఐరన్ ఆక్సైడ్ క్యాసెట్టుకు అది సుమారు 300 నుంచి 400 ఓయర్‌స్టెడ్లు (క్షేత్రాన్ని కొలిచే ప్రమాణం; గాలిలో ఒక ఓయర్‌స్టెడ్ ఒక గాస్‌తో సమానం), 1.44 ఎంబీ ఫ్లాపీకి సుమారు 700. మన ప్రాంతంలో భూమి అయస్కాంత క్షేత్రం అర గాస్ లోపే కాబట్టి, బీరువా అరలో దిక్సూచి పెట్టి చూడండి: ముల్లు ఉత్తరం నుంచి కొద్దిగానే పక్కకు జరిగితే, అక్కడి క్షేత్రం టేపును చెరిపే స్థాయికి వందల రెట్లు తక్కువని అర్థం. ఇనుప బీరువా కూడా ముల్లును కొంత తిప్పుతుంది, దానికి భయపడనక్కరలేదు. అయస్కాంతం నుంచి దూరం రెట్టింపయితే క్షేత్రం ఇంచుమించు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అయితే స్పీకరు వెనుక భాగానికి ఆనించి పెట్టిన క్యాసెట్టు విషయంలో మాత్రం నేను ఈ భరోసా ఇవ్వలేను.

మరో సమాధానం (గుంటూరు):
మసకకు నేను ముందుగా అనుమానించేది ప్లేయరు హెడ్డునే, అంటే టేపును తాకి ధ్వనిని చదివే భాగాన్నే. హెడ్డుకు మురికి పట్టినా, అది టేపుతో సరిగా సరళరేఖలో లేకపోయినా సన్నని స్వరాలే ముందు తగ్గిపోతాయి. హెడ్డును శుభ్రం చేయించి, అదే క్యాసెట్టును ఇంకో ప్లేయరులో విని చూడండి. ఇక్కడి వానాకాలపు తేమ మరో శత్రువు. టేపు చుట్ట మీద తెల్లని బూజు కనిపిస్తే దయచేసి నడపవద్దు, అది హెడ్డుకు అంటి మిగతా క్యాసెట్లకూ పాకుతుంది. క్యాసెట్టు వెనుక అంచున ఉన్న రెండు చిన్న పలకలను విరిచేస్తే పొరపాటున దాని మీద మరొకటి రికార్డు కాదు. ఫ్లాపీల మీద కూడా పొరపాటున ఏదీ రాయబడకుండా మూలలోని చిన్న కిటికీ తెరిచి ఉంచి, ముందుగా మొత్తం డిస్కు ప్రతిని కంప్యూటరులోకి తీసుకోండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. దిక్సూచి ముల్లు కొద్దిగానే కదిలింది. హెడ్డు తుడిపించాక ఒక క్యాసెట్టులో నాన్నగారు తేదీ చెప్పడం స్పష్టంగా వినబడింది. రెండో దాని చుట్ట మీద తెల్లగా ఉంది, దాన్ని నడపకుండా విడిగా పెట్టాను.