ఇంగ్లండ్‌ల పబ్బు గుత్తకు తీసుకుంటే కంపెనీ సపోర్టు అంటే ఏంది? సంతకానికి ముందు ఏం చూడాలె?

మిర్యాలగూడ మాగాణి:
అన్నలకు, అక్కలకు నమస్తే. మా తమ్ముడు ఇంగ్లండ్‌ల హోటల్ కిచెన్‌ల చేస్తడు, ఐఎల్ఆర్, అంటే అక్కడనే ఎన్నాళ్లయినా ఉండే పర్మిషన్, వచ్చింది. ఒక పబ్ కంపెనీ 5 ఏండ్లకు టెనెన్సీ, అంటే పబ్బు కిరాయికి, ఇస్తా అంటున్నది. కిరాయి ఏడాదికి 26 వేల పౌండ్లు, ఏటా ధరల సూచీ ప్రకారం పెరుగుతది. బీరు మొత్తం వాళ్ల దగ్గరనే కొనాలె. డిపాజిట్, సామాను, మొదటి సరుకు కలిపి 22 వేలు ముందు పెట్టాలట. ట్రైనింగ్ ఇస్తరు, ఒక మనిషిని పెట్టి వెంట ఉండి నడిపిస్తరు అంటున్నరు. ఊర్ల రెండెకరాలు అమ్మి పంపుమంటున్నడు. ఇక్కడి వైన్స్ సంగతి కొంత ఎరుకే గని ఇది సమజైతలేదు. తెలిసినోళ్లు జర వివరంగ చెప్పుండ్రి.

పాలమూరు లెక్క:
అన్నా, వైన్స్‌తోని పోల్చకు. ఇక్కడ సరుకు సర్కారు డిపోల నుంచి వస్తది, ఎమ్మార్పీ మీద కమీషన్ ఖాయం. అది వేరే. మన దగ్గర మందుల దుకాణం సేటు విత్తనాలు, యూరియా ఉద్దెర ఇచ్చి, పత్తి తనకే అమ్మాలె అంటడు సూడు, అచ్చం గట్ల. దాన్ని వాళ్లు 'టై' అంటరు. అందుకే కిరాయి 26 వేలే కదా అనుకోవద్దు. అసలు గుత్త బీరు ధరల ఉంటది.

లెక్క ఇట్ల కట్టుకోండ్రి. 11 గ్యాలన్ల కెగ్, అంటే బీరు డ్రమ్ము, 50 లీటర్లు, 88 పింట్లు. పింటు అంటే అక్కడి పెద్ద బీరు గ్లాసు. అందుల నురుగు, లైన్లు (బీరు వచ్చే పైపులు) కడిగేటప్పుడు పారబోసుడు పోతే అమ్మేది 83 అనుకో. కెగ్ 190 పౌండ్లకు, వ్యాట్ గాక, ఇస్తే పింటు 2.29 పడ్డట్టు. పింటు 5 పౌండ్లకు అమ్మితే అందుల 20 శాతం వ్యాట్ లెక్కన 83 పెన్నీలు సర్కారుకు పోయి 4.17 మిగులుతది. అంటే చేతికొచ్చేది 1.88. దీంట్లనే జీతాలు, కరెంటు, కిరాయి అన్నీ ఎల్లాలె.

ఇగ అదే కెగ్ బయట హోల్‌సేల్‌ల 130కి దొరుకుతది అనుకో. తేడా 60. వారానికి 8 కెగ్‌లు పోతే ఏడాదికి 24,960 పౌండ్లు. అది కంపెనీకి కట్టే రెండో కిరాయి, కాగితం మీద ఎక్కడ కనవడది. ఈ ధరలు నేను లెక్క కోసం పెట్టినయే. తమ్ముడు కంపెనీ దగ్గర టై ధరల పట్టీ తీసుకొని, బయట ఇద్దరు హోల్‌సేలర్ల ధరలు పక్కన రాసి, ఈ లెక్క తనే చేయాలె.

కిరాయి ఎట్ల కడతరో గూడ చూడుండ్రి. ఓ మోస్తరు తెలివి ఉన్న మనిషి నడిపితే ఎంత గిరాకీ అయితదో అంచనా వేసి, ఖర్చులు తీసేసి, మిగిలింది కంపెనీ, కిరాయిదారు పంచుకున్నట్టు లెక్క కడతరు. వినెటందుకు మన పాలు కౌలు లెక్కనే ఉంటది. కని పాలుకు ఇచ్చినప్పుడు పంట పోతే దొర పాలు గూడ పోతది. ఇక్కడ కిరాయి అంచనా మీద ఖాయమైతది, గిరాకీ తగ్గిన నష్టం తమ్మునిదే. అందుకే పోయిన మూడేండ్లల్ల ఎన్ని బ్యారెల్స్ కొన్నరో అడుగుండ్రి. బ్యారెల్ అంటే 36 గ్యాలన్లు, 288 పింట్లు. కంపెనీ అంచనా దానికంటే మస్తు ఎక్కువుంటే ఎందుకని రాతల చెప్పమనాలె. ఏటా పెరుగుడు 4 శాతం పడ్డా ఐదో ఏడు కిరాయి 30,400 దాటుతది.

చట్టం తెలిసిన అక్క:
పై లెక్క సరిగ్గా ఉంది. కాగితాల సంగతి నేను చెబుతాను. 500 లేదా అంతకు మించి టై పబ్బులున్న కంపెనీలకు ఇంగ్లండ్, వేల్స్‌లో 2016 జులై నుంచి పబ్స్ కోడ్ అనే చట్ట నిబంధనలు వర్తిస్తాయి. మీకు ఇచ్చేది ఆ కంపెనీల్లో ఒకటేనా అన్నది మొదట తేల్చుకోండి. చిన్న కంపెనీ అయితే ఈ రక్షణలు ఉండవు. కోడ్ ప్రకారం సంతకానికి ముందు మీ తమ్ముడు పబ్ ఎంట్రీ ట్రైనింగ్ పూర్తి చేయాలి, బిజినెస్ ప్లాన్ ఇవ్వాలి. ఆ ప్లాన్‌ను కంపెనీ మనిషి కూర్చుని రాసిస్తానంటే ఒప్పుకోవద్దు. పబ్బుల లెక్కలు తెలిసిన అకౌంటెంట్‌తో రాయించండి.

'ఎంఆర్ఓ' (మార్కెట్ రెంట్ ఓన్లీ) అని ఒక హక్కు ఉంది. టై తెంపుకొని, మార్కెట్ కిరాయి మాత్రమే కట్టే వీలు. అయితే అది తాళాలు తీసుకున్న రోజే రాదు. 5 ఏళ్ల ఒప్పందంలో దాదాపుగా రెన్యూవల్ అప్పుడే వస్తుంది. అసలు మెలిక ఇక్కడే ఉంది: ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ యాక్ట్ 1954లోని 24 నుంచి 28 సెక్షన్లు వర్తించవని ఒప్పందంలో రాస్తే రెన్యూవల్ హక్కే పోతుంది. దానితోపాటు ఇదీ పోతుంది. సొలిసిటర్‌ను, అంటే అక్కడి లాయర్‌ను, అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. ఫ్రాంచైజీ పేరుతో ఇస్తే కూడా ఎంఆర్ఓ ఉండదు.

లైసెన్సు వేరు. మద్యం అమ్మకానికి బాధ్యత వహించే డీపీఎస్‌గా మీ తమ్ముడే ఉండాలంటే పర్సనల్ లైసెన్సు కావాలి. దానికి ఏపీఎల్‌హెచ్ అనే అర్హత కోర్సు ఒక్కరోజులో అయిపోతుంది, లైసెన్సు ఫీజు 37 పౌండ్లు, నెల లోపు తీసిన బేసిక్ డీబీఎస్ (నేర చరిత్ర) సర్టిఫికెట్ జత చేయాలి. ఐఎల్ఆర్ ఉంది కాబట్టి వీసా అడ్డంకి లేదు.

మిర్యాలగూడ మాగాణి:
మంచిగ చెప్పిన్రు. ఇంకో రెండు. సపోర్టు అంటే నిజంగ చేతికొచ్చేది ఏంది? ఇంక 22 వేలల్ల సామాను 9 వేలు అన్నరు. పాత కుర్చీలకు గంత పెట్టాల్నా?

సెల్లార్ మనిషి:
సామాను కాడనే చాలమంది మునుగుతరు. ఫ్రిజ్, కుక్కర్, కుర్చీ, గ్లాస్ వాషర్ ఒక్కోటి రాసిన జాబితా తీసుకొని, సొంత వాల్యూయర్‌ను (ధర కట్టేటోన్ని) వెంటబెట్టుకొని లెక్కపెట్టాలె. పనిచేయని ఫ్రయర్‌కు గూడ ధర ఏసి ఉంటది, స్విచ్ ఏసి చూడుండ్రి. అదే రోజు పైకప్పు, మోరీలు, మరుగుదొడ్లు, గోడల చెమ్మ ఫొటోలు తీసి ఒప్పందానికి జత చేయించాలె. లేకుంటే పోయేనాడు పాత పగుళ్లు గూడ తమ్ముని ఖాతాల పడతయి. టెనెన్సీల గోడలు, కప్పు మామూలుగ కంపెనీవి. లీజు అయితే చాలమట్టుకు మొత్తం రిపేరు మనదే. ఏది ఎవరిదో పట్టీ అడుగుండ్రి, ముఖ్యంగ సెల్లార్ కూలర్, బాయిలర్.

సెల్లార్ అంటే భూమి కింద బీరు గది. 11 నుంచి 13 డిగ్రీలు ఉండాలె. 15 దాటితే నురుగు ఎక్కువొచ్చి పింటుకు పింటు పారబోసుడే. లైన్లు వారానికోసారి క్లీనింగ్ మందు నీళ్లతోని కడిగి, మందు వాసన పొయ్యేదాంక మంచినీళ్లు తోలాలె. కడిగిన ప్రతిసారి పైపుల ఉన్న బీరు పోతది, కెగ్ అయిపోవస్తున్నప్పుడు కడిగితే తక్కువ నష్టం. కాస్క్ ఏల్ అని ఇంకో రకం బీరు ఉంటది, 9 గ్యాలన్ల పీపా, 72 పింట్లు. కల్లు లెక్కనే అది గూడ లోపల పులుస్తనే ఉంటది, తెరిచినంక మూడు రోజులల్ల అమ్ముడుపోవాలె. సోమవారం గిరాకీ లేని పబ్బుల నాలుగు రకాల కాస్క్ పెట్టుడు తప్పు, ఒక్కటి పెట్టి మంచిగ అమ్మాలె. గ్యాస్ సిలిండర్లు లీకైతే కార్బన్ డయాక్సైడ్ కిందనే పేరుకుంటది, ప్రాణం తీస్తది. అలారం లేని సెల్లార్‌లకు దిగవద్దు.

పైపుల మీద కంపెనీ మీటర్లు ఉంటే ఎన్ని పింట్లు పోయినయో వాళ్లకు తెలుస్తది. బయట కెగ్ తెచ్చి కలుపుదామనే ఆలోచన వద్దు, జరిమానా పడతది.

సపోర్టు సంగతికొస్తే, ప్రతిదానికి పౌండ్లల్ల విలువ కట్టి రాసియ్యమనుండ్రి. బిల్డింగ్ రిపేర్లు ఎంత, మొదటి ఆర్నెల్లు కిరాయి తగ్గింపు ఎంత, స్పోర్ట్స్ చానల్ మీద డిస్కౌంట్ ఎంత. బీరు ధరల తేడాకంటే ఆ మొత్తం తక్కువుంటే సపోర్టు లేనట్టే. కంపెనీ పెట్టిన మనిషిని బీడీఎం అంటరు, ఒక్కడే శానా పబ్బులు చూస్తడు. కోడ్ ఉన్న కంపెనీ అయితే కిరాయి, రిపేర్లు, బిజినెస్ ప్లాన్ మీద మాట్లాడింది 14 రోజులల్ల రాసి పంపాలె. నోటిమాట నమ్మద్దు.

పాత పనోళ్లు గూడ టీయూపీఈ (యజమాని మారినా కొలువు పోకుండ కాపాడే) చట్టం కింద వాళ్ల సర్వీసుతోని తమ్ముని దగ్గరికే వస్తరు. ఎందరు, ఎంత జీతం, ఎన్ని సెలవులు బాకీ ఉన్నయో ముందే పట్టుకోవాలె.

పాలమూరు లెక్క:
పైసలు పంపుడు గురించి. ఎల్ఆర్ఎస్ (విదేశాలకు పైసలు పంపే రిజర్వ్ బ్యాంకు స్కీము, ప్లాట్లది కాదు) కింద ఏడాదికి 2.5 లక్షల డాలర్ల దాక తమ్మునికి గిఫ్ట్‌గ పంపొచ్చు, బ్యాంకుల ఏ2 ఫారం ఇయ్యాలె. 10 లక్షలు దాటినదాని మీద 20 శాతం టీసీఎస్ (ముందే పట్టుకునే ఇన్‌కం టాక్స్) పట్టుకుంటరు, రిటర్న్ ఏసి తీసుకోవచ్చు గని అప్పటిదాంక ఆ పైసలు ఆగుతయి. అమ్మకం కాగితం, బ్యాంకు స్టేట్‌మెంట్ పదిలంగ ఉంచు, అక్కడి సొలిసిటర్ పైసలు ఎక్కడివని అడుగుతడు.

ఇంకొకటి. 22 వేలు పెడితే సరిపోదు. మూడు నెలల జీతాలు, కరెంటు బిల్లు, వ్యాట్ చేతిల వేరేగ ఉండాలె. వ్యాట్ పైసలు గల్లాల ఉంటయి గని మూడు నెలలకోసారి కట్టాలె, కొత్తోళ్లు అవే వాడుకుంటరు. కంపెనీ పేరు మీద తీసుకున్నా పర్సనల్ గ్యారంటీ అడుగుతరు, ఎంతవరకనేది సొలిసిటర్‌తోని రాయించుకోండ్రి. భూమికి బయానా తీసుకునేది ధరల పట్టీ, మూడేండ్ల బ్యారెల్స్ లెక్క చేతికొచ్చినంకనే.

మిర్యాలగూడ మాగాణి:
సరే అన్నా. ఆ రెండు కాగితాలు, 1954 చట్టం సంగతి అడగమని తమ్మునికి ఇప్పుడే చెప్పిన. వచ్చినంక లెక్క ఇక్కడనే పెడత.